ఊకొట్టేవాళ్ల ఎదుట చదివే పుస్తకం

ఆరుద్ర కార్తె వెళ్లిపోయినా చినుకు రాలకపోతే ఊరి పెద్దలు రామాలయంలో కూడి విరాటపర్వం చదివించాలని అనుకోవడం మెట్ట ప్రాంతపు తెలుగు పల్లెల్లో పాత ఆచారం. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఆ అవసరం తరచుగా వచ్చేది. గుండ్లకమ్మ ఈ పక్క నల్లమలలోనే పుట్టినా ఏడాదిలో చాలా నెలలు దానిలో ఇసుకే కనిపిస్తుంది. కంభం చెరువు నిండిన ఏడు ఊళ్లలో పెళ్లిళ్లు, ఎండిన ఏడు వలసలు. విరాటపర్వానికీ వానకీ ఉన్న చుట్టరికం కథలోనే ఉంది. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ తెలియక కౌరవులు తర్జనభర్జన పడుతుంటే, ధర్మరాజు ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో వానలు వేళకు కురుస్తాయని, పాడిపంటలు పొంగిపొర్లుతాయని భీష్ముడు చెబుతాడు. ఆ మాట చెవినపడ్డ రైతు, ధర్మరాజు కథను ఊళ్లోకి పిలిస్తే వాన కూడా ఆయన వెంట వస్తుందని నమ్మాడు.

ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ చదువుకు ఒక పద్ధతి ఉంది. తెలుగు పుస్తకాన్ని గొంతుతో వినిపించడం ఎలాగో తెలుసుకోవాలనుకునే వాళ్లకు నేను మొదట చూపించేది దాన్నే. ఈ రోజుల్లో ఫోన్‌లో వస్తున్న ఆడియో పుస్తకాలను ఇష్టంగా, పట్టుదలగా వినే శ్రోతను నేను. మన చదువరులకు మంచి గొంతులున్నాయి. మైకులు, స్టూడియోలు బాగున్నాయి. అయినా చాలా పుస్తకాలు రెండో అధ్యాయానికే చప్పబడిపోతాయి. కారణం నాకు ఒకటే కనిపిస్తుంది. మనకు తెలిసిన కథ చెప్పే పద్ధతులన్నీ ఎదుట కూర్చుని ‘ఊ’ కొట్టే మనిషి మీద నిలబడ్డవి. అద్దాల గదిలో ఒంటరిగా చదివేవాళ్లకు ఆ మనిషి లేడు. లేడని మరిచిపోయి, ఉన్నట్టే చదివినవాళ్ల పుస్తకాలే మనసుకు ఎక్కుతున్నాయి.

పురాణ కాలక్షేపానికి ఇద్దరు కావాలి. ఒకరు పద్యం చదువుతారు, ఇంకొకరు అర్థం చెబుతారు. చదివే ఆయన ముందు వావిళ్ల వారి అచ్చుప్రతో, పెద్దక్షరాల మరో ప్రతో వ్యాసపీఠం మీద తెరిచి ఉంటుంది. పద్యాన్ని రాగంతో ఎత్తుకుంటాడు. కథ సాఫీగా నడిచే చోట మోహన, ఏడుపు తన్నుకొచ్చే చోట ముఖారి. అయితే రాగం ఆయనకు సాధనమే కాని ప్రదర్శన కాదు. పాదం ఎక్కడ విరగాలో యతి చెబుతుంది, గొంతు ఎక్కడ ఆగాలో అర్థం చెబుతుంది. ఈ రెండూ ప్రతిసారీ ఒకే చోట పడవు. తెలుగు పద్యంలో మాట ఒక పాదం చివర మొదలై తరువాతి పాదంలో పూర్తవుతుంది. సంధులతో మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిని అలాగే చదివితే ఛందస్సు నిలుస్తుంది, విడదీసి చదివితే అర్థం నిలుస్తుంది. మనుషులు ఇద్దరుండడం వల్ల రెండూ నిలుస్తాయి. మొదటి ఆయన పద్యాన్ని పద్యంగా వినిపించి ఒక సగం దగ్గర ఆపుతాడు. రెండో ఆయన ఆ చివరి మాటను అందుకుని, దాన్ని మళ్లీ ఒకసారి పలికి, కర్త ఎవరో, క్రియ ఏదో వరుసలో పెట్టి, అప్పుడు ఊరి భాషలోకి దిగుతాడు.

ఆ దిగడంలోనే అసలు నేర్పు ఉంది. ఉత్తర గోగ్రహణం వచ్చిందంటే ఈ ప్రాంతపు శ్రోతలు ముందుకు జరుగుతారు. ఒంగోలు జాతి ఎద్దుల్ని కన్నబిడ్డల్లా పెంచిన నేల ఇది. పశువుల్ని మళ్లించుకుపోయారంటే అది వాళ్లకు పురాణం కాదు, నిన్నటి తగాదా. అర్థం చెప్పే ఆయనకు ఈ సంగతి తెలుసు. తోకలెత్తుకుని ఇంటిదారి పట్టిన ఆవుల్ని చెప్పేటప్పుడు ఆయన వేగం పెంచుతాడు. ఉత్తరుడు రథం దిగి పారిపోయే చోట నవ్వు అయ్యేదాకా ఆగుతాడు. బృహన్నల ఎవరో తేలే ఘట్టంలో గొంతు పెంచడు, తగ్గిస్తాడు. వినేవాళ్లు వాళ్లంతట వాళ్లే నిశ్శబ్దమవుతారు. ఐదు ఆశ్వాసాల పుస్తకంలో ఏ చోట ఎంతసేపు నిలవాలన్నది ముఖాలు చూసి తేల్చుకునే లెక్క.

మరునాడు రాత్రి చదువు మొదలయ్యే ముందు ఒక చిన్న ప్రశ్న ఉంటుంది. “నిన్న ఎక్కడ ఆపాం?” అని సభను అడుగుతారు. పౌరాణికుడు మరిచిపోయి అడగడం కాదు. ఎవరో ఒక అవ్వ, “కీచకుడు సుదేష్ణ దగ్గరికి వచ్చాడు సామీ” అంటుంది. ఆ ఒక్క మాటతో నిన్న రానివాళ్లకు కూడా కథ అందుతుంది, వచ్చినవాళ్లకు దారం దొరుకుతుంది. పన్నెండు గంటల ఆడియో నవలను వారం రోజులు తుంచుకుని వినే మనకు ఇలాంటి పలకరింపు ఎంత అవసరమో! నవల ముందు ఒక పరిచయం పెడుతున్నారు, మంచిదే. మూడో భాగం ముందు రెండు వాక్యాల్లో దారం అందించే నిర్మాతలు నాకు ఇంకా తగల్లేదు.

పద్యం సరే, వచనం మాటేమిటి? భారతం చంపువు, పద్యాల మధ్య వచనం ఉంటుంది. పాత చదువరులు వచనం చదివే తీరులో ఇవాళ్టి చదువరులు తప్పక నేర్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. తెలుగు వాక్యం అసమాపక క్రియల మీద నడుస్తుంది. వచ్చి, చూసి, విని, లేచి అంటూ మెట్టుమెట్టుగా ఎక్కి, చివర సమాపక క్రియ దగ్గర దిగుతుంది. ‘వచ్చి’ దగ్గర గొంతు పైనే ఉండాలి. ‘చూసి’ దగ్గర ఇంకొంచెం నిలవాలి. ‘అన్నాడు’ దగ్గరే దించాలి. పౌరాణికుల దగ్గర ఇది ఊపిరంత సహజంగా ఉంటుంది. ఆడియో పుస్తకాల్లో మాత్రం కామా కనిపించిన ప్రతిచోటా గొంతు దించేస్తున్నారు. దించగానే చెవి ‘వాక్యం అయిపోయింది’ అనుకుంటుంది. మళ్లీ ఇంకో ముక్క వస్తుంది. మళ్లీ దించుతారు. పావుగంటకే అలసట వస్తుంది. విసుగు కథ మీదికి పోతుంది, తప్పు కథది కాదు. ఇంగ్లీషు వార్తలు, ప్రకటనలు విని అలవాటైన లయ ఇది. తెలుగు వాక్యానికి నప్పదు.

విశ్వనాథ ‘వేయిపడగలు’ చెబుతూ ఉంటే తమ్ముడు రాశారని ప్రసిద్ధి. అంటే ఆ వాక్యం కాగితం మీదికన్నా ముందు నోట్లో పుట్టింది. ఎంత పొడవైనా గొంతు పైన నిలిపి చదివితే అది ఇట్టే నడుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు కూడా అంతే. సంభాషణలతోనే కథ నడిపిన ఆయన, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పకుండా మాట తీరుతోనే తెలియజేస్తారు. అటువంటి కథను ఒక్కరు చదవాలంటే ప్రతి మనిషికీ వేరే గొంతు పెట్టనక్కర్లేదు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ నడుమ ఎదుటి మనిషి వినేంత వ్యవధి ఇస్తే చాలు.

వ్యవధి ఇవ్వడమంటే ఊకొట్టడానికి చోటివ్వడం. మన ఇళ్లలో పిల్లలకు కథ చెప్పే అవ్వలు పెట్టే మొదటి షరతు అదే. ఊకొడితేనే కథ. ఊ ఆగిపోతే పిల్లవాడు నిద్రపోయాడని గుర్తు, కథ కూడా అక్కడే ఆగుతుంది. ఆ ఊలో తేడాలు అవ్వకు తెలుసు. తొందర ఊ వేరు, భయం ఊ వేరు, ‘ఇది నాకు తెలుసులే’ అనే ఊ వేరు. ఈ ఇంటి పద్ధతినే రంగస్థలం మీద కళగా మలిచింది బుర్రకథ. తంబుర భుజాన వేసుకుని, చేతి అందెలు మోగిస్తూ కథకుడు నడుమ నిలబడతాడు. రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం అందుకుంటారు, ఇంకొకరు లోకం సంగతులు, రాజకీయం అందుకుంటారు. సభలో వెయ్యిమంది ఉన్నా కథకుడు వాళ్లిద్దరికే చెబుతున్నట్టు చెబుతాడు. వాళ్లు అడుగుతారు, ఆశ్చర్యపోతారు, ఊకొడతారు. జనం అడగాలనుకున్నది వాళ్లే అడిగేస్తారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ విద్యను ఎంత ఎత్తుకు తీసుకుపోయారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆయన బొబ్బిలి యుద్ధమో పల్నాటి కథో చెబుతుంటే పాట, మాట, అభినయం ఒకే ఊపిరిలో మారేవి. ఆ మార్పిడికి వంతలు ఇచ్చిన వ్యవధే ఆధారం.

ఈ నేల మీద ఇంకా పాత కథ ఒకటి ఉంది. కాటమరాజు కథ. శ్రీశైలం అడవుల నుంచి కనిగిరి సీమ మీదుగా నెల్లూరు దాకా ఆవుల మందలతో తిరిగిన గొల్లల వీరగాథ అది. కరువొచ్చి కాటమరాజు మందల్ని నెల్లూరు ప్రభువు నల్లసిద్ధి బీళ్లకు తోలుకుపోవడం, మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర తగాదా ముదరడం, ఎర్రగడ్డపాటి పోరు, అందులో ఖడ్గతిక్కన పడిపోవడం, ఇదంతా రాత్రుల తరబడి చెప్పే కథాచక్రం. కొమ్ములవారు కొమ్ము ఊది ఈ కథ చెప్పేవారు. 1970లలో తంగిరాల వెంకట సుబ్బారావు వీటిని సేకరించి సంపుటాలుగా అచ్చుకు తెచ్చారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. వాన కోసం చదివే విరాటపర్వం రాసిన తిక్కన, వాన లేక మొదలైన ఆ పోరులో ప్రాణమిచ్చిన తిక్కన, ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. ఒక ఇంట్లో పుట్టిన రెండు పేర్లు ఈ మెట్టసీమలో రెండు రకాల గొంతుల్లో బతికాయి. ఒకటి పీఠం మీద పుస్తకం పెట్టుకుని చదివే గొంతు, ఇంకొకటి పుస్తకమే లేకుండా కొమ్ము ఊది చెప్పే గొంతు.

ఈ రెండు గొంతులూ కలిసిన చోటు రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తరువాతి కాలంలో అక్కడి నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు రేడియోల చుట్టూ చేరాయి. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అన్న అసలు పేరు చాలామందికి తెలియదు, ఆ గొంతు తెలియని ఇల్లు మాత్రం లేదు. నా దృష్టిలో తెలుగు ఆడియో పుస్తకానికి ఆయనే ఆద్యుడు. ఆయన దగ్గర కాగితం ఉండేదన్న సంగతి శ్రోతకు తట్టేది కాదు. వాక్యాలు పొట్టివి. గొంతులో అధికారం ఉంటుంది, కోపం కూడా ఉంటుంది. ప్రశ్న వేసి ఆగుతారు. ఆ ఆగడం శ్రోత జవాబు కోసమే. స్టూడియోలో ఆయన ఎదుట ఎవరూ లేరు. అయినా అరుగు మీద కూర్చున్న వందమందిని చూస్తూ మాట్లాడినట్టే ఉండేది. మార్కాపురానికి కూడా తరువాత ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం వచ్చింది. ఊరి యాస గాలిలో వినిపించడానికి అలాంటి కేంద్రాలకు మించిన దారి లేదు.

లోకంలో ఈ విద్య వేరే వేరే అవసరాల నుంచి పుట్టింది. హవానాలో చుట్టలు చుట్టే కార్ఖానాల్లో 1865 నుంచి చదువరిని పెట్టుకున్నారు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ కదా. కూలీలే తమ సంపాదనలోంచి చదువరికి డబ్బులిచ్చి పత్రికలు, నవలలు చదివించుకునేవారు. మిరపకాయలకు తొడిమలు తీసేచోట, వేరుశనగ ఒలిచేచోట మన ఆడవాళ్లు ఒకరికొకరు కథలు చెప్పుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల అవసరం ఇంకో దారి తీసింది. అమెరికాలో 1934లోనూ బ్రిటన్‌లో 1935లోనూ అంధుల కోసం మాట్లాడే పుస్తకాలు గ్రామఫోను రికార్డుల మీద వచ్చాయి. ఒక్క నవలకు రికార్డుల కట్ట ఒకటి అయ్యేది. మనకు అదే గ్రామఫోను పద్యనాటకాలను ఇచ్చింది. ఘంటసాల పాడిన కరుణశ్రీ పద్యాలను ఇచ్చింది. చదువురాని ఇళ్లలో కూడా ‘పుష్పవిలాపం’ నోటికి వచ్చేది. ఆ పద్యాలు నిలబడింది ఘంటసాల గొంతు మాధుర్యం వల్లనే అంటే నేను ఒప్పుకోను. ప్రతి మాటా విడివిడిగా, ప్రతి ఒత్తూ నిండుగా, అర్థం తెలిసిన మనిషి పలికినట్టు పలకడం వల్ల నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ పలకడమే పెద్ద చిక్కు. చలి, చుట్టం, చొప్ప, జడ, జొన్న, ఈ మాటల్లోని చ, జ పళ్ల దగ్గర పుడతాయి. చిలుక, చెరువు, జిల్లేడు, జీతం, వీటిలోవి అంగిట్లో పుడతాయి. ఒకే అక్షరం, రెండు ధ్వనులు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బడిలో తెలుగు తగ్గి, అచ్చు చూసి మాత్రమే నేర్చుకున్న యువ చదువరులు అన్నింటినీ ఒకేలా అంగిట్లో పలికేస్తున్నారు. జొన్నచేను కథ అంతా అలా సాగితే ఆ చేను మనది కాకుండా పోతుంది. ఇంకో పక్క, శుద్ధంగా పలకాలన్న తపనతో గొర్రెల కాపరి నోట కూడా మహాప్రాణాలన్నీ పొట్టనుంచి తెప్పిస్తారు. కథనంలో ‘భయం’ అన్నది నిండుగా రావాలి. మనిషి మాట్లాడేటప్పుడు అతను ఎలా అంటాడో అలాగే రావాలి. ఈ రెండూ వేరు అని గుర్తించే చదువరి నాకు చాలా గొప్పగా కనిపిస్తాడు.

యాస సంగతి ఈ ప్రాంతం వాళ్లం ఎక్కువగా పట్టించుకుంటాం, కారణం ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒక పక్క పల్నాడు, ఇంకో పక్క నంద్యాల, కిందికి దిగితే కడప, నెల్లూరు. మార్కాపురం బజారులో ఒక గంట నిలబడితే ఇన్ని సీమల తెలుగూ చెవిన పడుతుంది. ‘ఏంది’, ‘అట్టా’, ‘యాడికి’ అన్న మాటలు ఒక నోటి నుంచి ఇంకో నోటికి సాగదీతలో మారిపోతాయి. ఇలాంటి చెవితో కేతు విశ్వనాథరెడ్డి కథ విన్నా, నామిని కథ విన్నా, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ విన్నా చదువరి ఎక్కడి మనిషో ఇట్టే తెలిసిపోతుంది. యాసను అనుకరించే చదువరి నాకు వద్దు. రానప్పుడు తన సొంత తెలుగులో నిదానంగా చదవడం మేలు. మాటలు రచయిత యాసలో ఉన్నాయి కదా, అవే పని చేసుకుపోతాయి. చదువరి వాటి దారికి అడ్డం రాకుంటే చాలు. కానీ నిర్మాతలకు చేతనైతే కడప కథను కడప గొంతుకే ఇవ్వాలి. పత్తికొండ కథకు పత్తికొండ మనిషి, గిద్దలూరు కథకు గిద్దలూరు మనిషి దొరకనంత దూరంలో ఏమీ లేరు.

నేపథ్య సంగీతం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వద్దు. తోలుబొమ్మలాటలో కాళ్ల కింద చెక్కలు తొక్కి యుద్ధం వినిపిస్తారు, అది కథకుడి సొంత కాలు, కథ ఊపుతో కలిసే మోగుతుంది. రంగనాథ రామాయణపు ద్విపద ఆ చప్పుడు మీద స్వారీ చేస్తుంది. ఆడియో పుస్తకంలో కీబోర్డు మీద ఎవరో తయారుచేసి పెట్టిన విషాద సంగీతం అలాంటిది కాదు. దుఃఖం రాకముందే దుఃఖం వస్తోందని చెప్పేస్తుంది. చలం, బుచ్చిబాబు వంటి వాళ్ల పుస్తకాల్లో నిశ్శబ్దమే సగం వచనం. ‘చివరకు మిగిలేది’లో దయానిధి ఆలోచనల మధ్య వీణ మోగితే నాకు వినాలనిపించదు. వేగం కూడా అంతే. ఫోన్‌లో వేగం పెంచుకుని వినే అలవాటు వచ్చింది. వార్తలకు సరే. చదువరి లెక్కపెట్టి ఇచ్చిన వ్యవధిని కోసేసుకుని కథ వినడం, పౌరాణికుణ్ణి తొందరపెట్టడం లాంటిదే.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. దాసుభాషితం లాంటి యాప్‌లు తెలుగు పుస్తకాన్ని వినే వస్తువుగా నిలబెట్టాయి. హర్షణీయం లాంటి పాడ్‌కాస్టులు కథకుల్ని వాళ్ల గొంతులతోనే పరిచయం చేశాయి. అమెరికాలో ఉండి కిరణ్‌ప్రభ చేసే టాక్‌షోలు చదవడం కాదు, చెప్పడం. ఒక జీవితాన్నో ఒక పుస్తకాన్నో ఆయన ఎదుట కూర్చున్న స్నేహితుడికి చెప్పినట్టు చెబుతారు. అందుకే అంత పొడవైనవి కూడా జనం వింటారు. మా ప్రాంతం నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో రాత్రి బస్సుల్లో పోయే పనివాళ్ల చెవుల్లో ఇవాళ సినిమా పాటలతో పాటు ఇలాంటివీ ఉంటున్నాయి. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి చొరబడితే సిగ్నల్ పోతుంది. ముందే దించుకున్న పుస్తకం మాత్రం గాజులపల్లె దాకా తోడొస్తుంది.

చూపులేని పాఠకుల అవసరం వేరు, అది ఈ వినోదంతో కలిపి మాట్లాడదగ్గది కాదు. వాళ్లకు చదువు ఒక హక్కు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, అచ్చు పుస్తకాన్ని వాళ్లు వాడుకోగల రూపంలోకి మార్చడానికి అనుమతి అడగనక్కర్లేకుండా చేశారు. 2013 నాటి మరకేష్ ఒడంబడికను అందరికన్నా ముందు, 2014లో ధ్రువీకరించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. డిగ్రీ చదివే విద్యార్థికి పాఠ్యపుస్తకం చదివి పెట్టేవాళ్లు నటించకూడదు. పేజీ సంఖ్య చెప్పాలి, పట్టికను వరుసగా చెప్పాలి, పేర్లను ఒకసారి అక్షరం అక్షరం చెప్పాలి. మన కళాశాలల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలు సెలవుల్లో ఈ పని చేస్తే వాళ్ల తెలుగు కూడా బాగుపడుతుంది. చేస్తున్న చోట్ల చాలా శ్రద్ధగా చేస్తున్నారు.

ఇదే పనికి యంత్రపు గొంతులూ వచ్చాయి. పరీక్ష ముందు రోజు రాత్రి పుస్తకం కావలసిన విద్యార్థికి యంత్రం చదివినా అది వరమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు చూపున్నవాళ్లకు లేదు. కథకు మాత్రం అది చాలదు. సంధి కలిసిన మాటను ఎక్కడ ఊపిరితో విడదీయాలో దానికి తెలియదు. సమాపక క్రియ వచ్చేదాకా గొంతు పైన పట్టుకోవాలన్న తెలివి దానికి ఇంకా రాలేదు. రేపు రావచ్చు. వచ్చినా అది ఎవరి దగ్గర నేర్చుకుంటుందన్నదే నా ఆత్రం. సరిగ్గా చదివిన తెలుగు గొంతులు ఎక్కువగా రికార్డయి ఉంటే అదీ సరిగ్గా నేర్చుకుంటుంది. కామా కామాకీ గొంతు దించే చదువే ఎక్కువుంటే అదే తెలుగు చదివే తీరని రేపటి పిల్లలకు అప్పజెబుతుంది.

కాబట్టి రికార్డు చేయవలసినవి ఇప్పుడే చేయాలి. పురాణం చదివే జంటలు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నాయి. చాలాచోట్ల చదివే ఆయన ఉంటే చెప్పే ఆయన లేరు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలోనో త్రిపురాంతకం కొండ కిందో వాళ్లను కూర్చోబెట్టి విరాటపర్వం ఐదు ఆశ్వాసాలూ మొదటినుంచీ చివరిదాకా చదివించాలి. రెండు మైకులు వాళ్లకు, ఒక మైకు జనానికి. స్టూడియోకు తీసుకుపోవద్దు. వినేవాళ్లు ఉండాలి, వాళ్ల ఊ కూడా రికార్డు కావాలి, దగ్గులు పడితే పడనివ్వండి. పద్యం ఒక ట్రాకులో, అర్థం ఇంకో ట్రాకులో విడిగా దాచితే పద్యమే కావాలన్న విద్యార్థికి పద్యం, కథే కావాలన్న అవ్వకు కథ అందించవచ్చు. దాని తరువాత ఎర్రన అరణ్యపర్వ శేషం. గుడ్లూరు ఎర్రన ఈ ప్రాంతపు కవే కదా, ఆయన పద్యం ఈ ప్రాంతపు నోటిలోంచే రావడం న్యాయం. కాటమరాజు కథ తెలిసిన గొంతులు దొరికితే వాటికోసం ఈ రెండింటినీ ఆపి ముందు అటు పరుగెత్తాలి. భారతం అచ్చులో భద్రంగా ఉంది. కొమ్ము ఊది చెప్పే ఆ కథలోని లయ, ఊపిరి, వంతల అందింపు సంపుటాల్లోకి ఎక్కలేదు.